పికప్ మోజుకు తట్టుకునే ఇంజన్ ఏది?

తక్కువ ఖర్చులో కారు పికప్ పెంచుకోవాలంటే ఏ ఇంజన్ మంచిది? ఈ ప్రశ్నకు పుణెలో చెప్పే జవాబు కృష్ణపట్నానికి సరిపోదు. ఇక్కడి గాలిలో ఉప్పుంది. పోర్టు రోడ్డు మీద బొగ్గు దుమ్ముంది. స్పేర్ పార్టు కావాలంటే నెల్లూరు పోవాలి, అక్కడా లేకుంటే చెన్నై. అయినా ఫోన్‌లో వీడియో చూసి, ఎక్కడో ఎవరో చేయించిన పనినే ఇక్కడి షెడ్డులో చేయించబోయి, బండిని నెలల తరబడి టార్పాలిన్ కింద పెట్టుకున్న కుర్రాళ్ళు ఈ చుట్టుపక్కల కొత్తేం కాదు.

2008లో పోర్టు మొదలైంది. పక్కనే నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం లేచింది. ఉద్యోగాలు, లారీ కాంట్రాక్టులు, వాటి వెనకే రొయ్యల చెరువుల డబ్బు. ఒక పంట కలిసొస్తే ఇంటి ముందు ఒక సెకండ్‌హ్యాండ్ స్విఫ్ట్ దిగుతుంది, నెల తిరక్కముందే దానికి ‘ఏదో ఒకటి’ చేయించాలనిపిస్తుంది. అలాంటప్పుడు ఖర్చును మూడు చోట్ల చూసుకోవాలి: బండి కొనేటప్పుడు, పని చేయించేటప్పుడు, చేయించిన పని చెడిపోయినప్పుడు. మొదటి రెండూ అందరూ లెక్కేస్తారు. మూడోది ఎవరూ వేయరు. నా దృష్టిలో ఇంజన్ ఎంపిక ఆ మూడో లెక్కతోనే మొదలవ్వాలి. ఎన్ని బీహెచ్‌పీ వస్తుందన్నది తర్వాతి సంగతి. పోతే ముందు ఏం పోతుంది, అది సాయంత్రానికల్లా నెల్లూరులో దొరుకుతుందా, దాన్ని విప్పి బిగించడం తెలిసిన మెకానిక్ ఉన్నాడా అన్నది ముందు తేలాలి.

చిన్న ఇంజన్‌ను సానపట్టే అలవాటు మన దారిలోనే పుట్టి పెరిగింది. నెల్లూరు నుంచి చెన్నై పోతుంటే రెడ్‌హిల్స్‌కు ముందు షోళవరం వస్తుంది. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ మీద 1950ల నుంచి దశాబ్దాల పాటు రేసులు జరిగాయి. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాటిని నడిపింది. ఊళ్ళో ట్యాక్సీగా తిరిగే ఫియట్‌కే హెడ్ చెక్కి, కార్బొరేటర్ మార్చి అక్కడికి తెచ్చేవారు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చాక షోళవరం మూతపడింది. అంతకు కాస్త ముందు కోయంబత్తూరు కరివర్ధన్ మారుతి 800 ఇంజన్, గేర్‌బాక్స్ తీసుకుని ఒంటి సీటు రేసు కారు తయారు చేశాడు. దాని పేరు ఫార్ములా మారుతి. తర్వాత ఫార్ములా వన్ దాకా వెళ్ళిన నరైన్ కార్తికేయన్ రేసింగ్‌లో ఓనమాలు దిద్దుకున్నది ఆ బండిలోనే. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఆ ఇంజన్‌ను కరివర్ధన్ బలం చూసి ఎంచుకోలేదు. ప్రతి ఊళ్ళో దొరుకుతుంది, ప్రతి మెకానిక్‌కూ తెలుసు.

ఇంగ్లండులోనూ జరిగింది ఇదే. 1959లో వచ్చిన మినీలో ఉన్నది 848 సీసీ, 34 బీహెచ్‌పీ ఇంజన్. దాని మూలం 1951 నాటి ఆస్టిన్ ఏ30 అనే సాదాసీదా బండి. జాన్ కూపర్ దాన్నే 997 సీసీకి పెంచి 55 బీహెచ్‌పీ లాగాడు. 1964లో 1071 సీసీ కూపర్ ఎస్ మాంటీ కార్లో ర్యాలీ గెలిచింది. లక్షల సంఖ్యలో తయారైన ఇంజన్ కాబట్టే దానికి పార్టులు, పనితనం, తప్పులు చేసి నేర్చుకున్న మనుషులు అన్నీ పోగయ్యాయి. సానపట్టడానికి పనికొచ్చే ఇంజన్‌కు ఇప్పటికీ నేను చూసే మొదటి గుర్తు ఆ జనాదరణే.

అసలు పికప్ ఎక్కడ పుడుతుందో కాస్త చూద్దాం. టార్క్‌ను ఇంజన్ చక్కర్లతో గుణిస్తే వచ్చేదే పవర్. పవర్ పెంచాలంటే ఒక్కో చక్కరుకు ఎక్కువ గాలి మింగించాలి, లేదా ఎక్కువ చక్కర్లు తిప్పాలి. ముఖ్యమైన దారులు ఈ రెండే. పెట్రోలు ఎక్కువ పోయడం తేలికే, దానికి సరిపడా గాలి ఎక్కించడమే కష్టం. మారుతి కే10బీ, కే10సీ రెండూ 998 సీసీలే. మొదటిది ఆల్టో కే10లో 90 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది. రెండోది 2017 బలెనో ఆర్ఎస్‌లో టర్బో తగిలించుకుని 150 ఇచ్చింది. సీసీ ఒకటే, తేడా గాలిదే. మరి టర్బో లేని ఇంజన్‌కు ఏం చేసినా వచ్చేది ఎంత? సైలెన్సర్, ఫిల్టర్, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) మ్యాప్ మూడూ కలిపి మార్చినా పదో వంతు దాటితే గొప్ప. దానికి మించి కావాలంటే హెడ్ దించాలి, క్యామ్ షాఫ్ట్ మార్చాలి. అక్కడి నుంచి ఖర్చు పెరిగినంతగా పవర్ పెరగదు.

గాలి గురించి మాట్లాడుతున్నాం కాబట్టి మన ఎండను కూడా లెక్కలో వేసుకోవాలి. 25 డిగ్రీల గాలి కంటే 40 డిగ్రీల గాలి దాదాపు అయిదు శాతం పల్చన. అంటే మే నెలలో 85 బీహెచ్‌పీ ఇంజన్‌లో నాలుగు బీహెచ్‌పీ ఎండకే పోతాయి. ఆ మాసంలో బానెట్ కింద వేడి గాలి పీల్చేలా ఓపెన్ కోన్ ఫిల్టర్ బిగించేవాడు డబ్బిచ్చి పవర్ పోగొట్టుకుంటున్నట్టే. చప్పుడు మాత్రం పెరుగుతుంది. చాలామందికి అది చాలు కూడా.

ఇక బరువు. దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఒకే 1.3 లీటర్ ఇంజన్ ఎస్టీంలోనూ మొదటి తరం స్విఫ్ట్‌లోనూ వచ్చింది. ఎస్టీంలో 85 బీహెచ్‌పీ, స్విఫ్ట్‌లో 87. కానీ ఎస్టీం బరువు సుమారు 875 కిలోలు, స్విఫ్ట్ వెయ్యి దాటుతుంది. టన్నుకు లెక్కేస్తే ఎస్టీంకు 97, స్విఫ్ట్‌కు 86. స్విఫ్ట్‌లో ఆ తేడా పూడ్చాలంటే ఇంజన్ నుంచి ఇంకో పది బీహెచ్‌పీకి పైగా లాగాలి, అది ఎంత ఖరీదైన పనో పైన చూశాం. మన కుర్రాళ్ళు చేసేది సరిగ్గా తలకిందులు. డిక్కీలో పెద్ద బేస్ పెట్టె, చక్రాలకు రెండంగుళాలు పెద్ద అల్లాయ్‌లు, వాటికి బరువైన టైర్లు వేయించి, ఆ తర్వాత ‘అన్నా, పికప్ పడిపోయింది, ఏదన్నా చెయ్యి’ అని వస్తారు. టైరు చుట్టుకొలత పెరిగితే గేరింగ్ పొడవవుతుంది, ప్రతి గేరులోనూ లాగుడు తగ్గుతుంది. కంపెనీ సైజు చక్రాలు తిరిగి వేసుకుంటే పైసా ఇంజన్ పని లేకుండా పోయిన పికప్ వచ్చేస్తుంది.

ఇప్పుడు ఇంజన్ల దగ్గరికి వద్దాం. ముందుగా మారుతి జీ కుటుంబం. 1993లో జెన్‌తో వచ్చిన జీ10బీ 993 సీసీ. దాని బోరు 72 మిల్లీమీటర్లు, స్ట్రోకు 61. స్ట్రోకు ఇంత పొట్టిగా ఉంటే పిస్టన్ నడక తక్కువ. ఏడు వేల చక్కర్ల దగ్గర కూడా దాని సగటు వేగం సెకనుకు 14 మీటర్లు చిల్లరే. అందుకే జెన్ ఇంజన్ చక్కర్లు తిరగడానికి జంకదు. 50 బీహెచ్‌పీతో మొదలై, పదహారు వాల్వుల హెడ్ వచ్చాక 60కి చేరింది. బండి బరువు ముప్పావు టన్ను. అయినా దాన్ని సిఫారసు చేయడానికి మనసొప్పదు. జెన్ తయారీ 2006లో ఆగిపోయింది, ఇప్పుడు దొరికేవాటిలో బాడీ తుప్పు తినని బండి ఈ సముద్ర తీరంలో కనబడటం కష్టం.

దాని అన్న జీ13. బోరు 74, స్ట్రోకు 75.5, 1298 సీసీ. ఎస్టీం, జిప్సీ కింగ్, 2005 స్విఫ్ట్, మూడింట్లోనూ ఇదే గుండె. జిప్సీ వల్ల సైన్యానికీ పోలీసుకూ పనిచేసింది, ఎస్టీం వల్ల రేసు ట్రాక్‌కు వెళ్ళింది. ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో జాతీయ టూరింగ్ కార్ పోటీల్లో ఏళ్ళ తరబడి ఎస్టీంలు వరసకట్టి తిరిగాయి. బండి అమ్మకం ఆగిపోయిన తర్వాత కూడా తిరిగాయి. దీనివల్ల మనకొచ్చే లాభం ఏమిటంటే, ఈ ఇంజన్ మీద చేయదగిన పొరపాట్లన్నీ చెన్నై, కోయంబత్తూరు షెడ్లలో ఎవరో ఒకరు ఎప్పుడో చేసేశారు. ఏ క్యామ్ ఎంత లిఫ్టుకు పనిచేస్తుంది, హెడ్ ఎంత చెక్కితే నాకింగ్ మొదలవుతుంది, ఏ స్ప్రింగు ఎన్ని చక్కర్లకు ఆగుతుంది, ఇవన్నీ అడిగితే నోటిలెక్కగా చెప్పేవాళ్ళున్నారు.

పాత జీ13 కొనేటప్పుడు ముందు చేయాల్సిన పని ఒకటుంది. కంప్రెషన్ చూడాలి. ఇంజన్ వేడెక్కించి, నాలుగు ప్లగ్గులూ విప్పి, ఇంధనం, స్పార్క్ రాకుండా కట్ చేసి, మొదటి సిలిండర్ ప్లగ్గు రంధ్రంలో గేజి బిగించాలి. ఒకరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని స్టార్టర్ తిప్పాలి. ముల్లు ఎక్కడ నిలిచిందో రాసుకుని రెండో సిలిండర్‌కు పోవాలి. నాలుగింటి మధ్య తేడా పది శాతం లోపలుంటే ఇంజన్‌లో ప్రాణముంది. ఒకటి బాగా తక్కువ చూపిస్తే ఆ రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడాలి. ముల్లు లేచిందా, రింగులు అరిగాయి, బోరు పని తప్పదు. లేవలేదా, వాల్వులు సరిగా కూర్చోవడం లేదు, హెడ్ దించాలి. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే హెడ్ గాస్కెట్ వాటి మధ్య కాలిపోయి ఉంటుంది. అర్ధగంటలో అయ్యే ఈ పరీక్షకు అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేయడమే. ఇది చేయకుండా అరిగిన ఇంజన్ మీద ట్యూనింగ్ డబ్బు పోయడం మన దగ్గర జరిగే పెద్ద దుబారా. నిజానికి పాత జీ13లో వాల్వు సీట్లు గ్రైండ్ చేయించి, ఇంజెక్టర్లు శుభ్రం చేయించి, కొత్త ప్లగ్గులు వేస్తే వచ్చే మార్పు చాలామందికి సరిపోతుంది. పోగొట్టుకున్న పవరే తిరిగి వస్తుంది, అంతే. కానీ డ్రైవర్ కాలికి అది కొత్త పవర్‌లాగే తెలుస్తుంది.

2010లో స్విఫ్ట్ నుంచి ఈ ఇంజన్ వెళ్ళిపోయింది. ఎందుకంటే పన్ను. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ ఉన్న బండికి ఎక్సైజ్ సుంకం తక్కువ. జీ13 ఆ గీత దాటింది, 1197 సీసీల కే12ఎం దాని చోట కూర్చుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన జీఎస్టీలోనూ అదే గీత నిలిచింది: లోపలుంటే 18 శాతం, దాటితే 40. మన చిన్న ఇంజన్ల కొలతలు ఇంజనీర్ల కంటే ఢిల్లీ ఆర్థిక శాఖే ఎక్కువగా నిర్ణయించిందని ఎవరైనా అంటే కాదనలేను.

రోజూ నడిపే బండికైతే నేను చెప్పేది ఈ కే12ఎం పేరే. రిట్జ్, స్విఫ్ట్, డిజైర్, కోట్లాది కిలోమీటర్ల ట్యాక్సీ సేవ. అల్యూమినియం బ్లాకు, బెల్టు బదులు చైను, 85 బీహెచ్‌పీ దాకా పవర్, 113 న్యూటన్ మీటర్ల చిల్లర టార్క్. దీన్ని సానపట్టి రేసు గెలవడం కుదరదు. కానీ ఏ ఊళ్ళో ఆగినా బాగవుతుంది. మంచి మ్యాప్ వేయిస్తే యాక్సిలరేటర్ మందకొడితనం పోతుంది, మధ్య చక్కర్లలో లాగుడు మెరుగవుతుంది. అక్కడితో ఆగితే మైలేజీ కూడా పెద్దగా దెబ్బతినదు. దీని తర్వాత వచ్చిన డ్యూయల్ జెట్ 90 పీఎస్, అదీ బాగుంది. 2024 స్విఫ్ట్‌లో నాలుగు సిలిండర్లు మూడయ్యాయి, పవర్ కూడా కాస్త తగ్గింది. మైలేజీ కోసం చేసిన బండి అది, పికప్ మోజున్నవాడు పాతదే చూసుకోవడం మేలు.

మారుతి 800 ఇంజన్ మీద ప్రేమ ఉంటే ఉండొచ్చు. 37 బీహెచ్‌పీని 45 చేయడానికి పెట్టే డబ్బుకు మంచి కే10 బండి వస్తుంది.

డీజిల్ దగ్గరికొస్తే ఒకటే పేరు. ఫియట్ 1.3 మల్టీజెట్, 1248 సీసీ. 2007లో స్విఫ్ట్‌లోకి వచ్చాక దీనికి జాతీయ ఇంజన్ అన్న పేరే పడింది. మారుతిలో డీడీఐఎస్, టాటాలో క్వాడ్రాజెట్, ఫియట్‌లో సొంత పేరు. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఎర్టిగా, బ్రెజా, పుంటో, విస్టా, జెస్ట్, ఎటు చూసినా ఇదే. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 రావడంతో కొత్త బండ్లలో మాయమైంది. అయినా స్క్రాప్ యార్డుల్లో పార్టుల కొరత లేదు. ఇందులో రెండు రకాలున్నాయి. 75 పీఎస్ రకంలో మామూలు టర్బో, టార్క్ 190. 90 పీఎస్ రకంలో వేరియబుల్ జామెట్రీ టర్బో, టార్క్ 200.

తక్కువ డబ్బుకు ఎక్కువ మార్పు కావాలనేవాళ్ళు దీని వెంటే పడతారు, కారణం లేకపోలేదు. టర్బో ఇంజన్‌లో గాలి ఎంత నొక్కాలో, డీజిల్ ఎంత చిమ్మాలో ఈసీయూ చెబుతుంది. ఆ ఆజ్ఞలు తిరగరాస్తే, ఒక్క నట్టు విప్పకుండా 75 పీఎస్ కాస్తా 90 దాటుతుంది. టర్బో లేని పెట్రోలు ఇంజన్‌లో ఇంత రావడం కల్ల. కానీ ఆ టార్క్ ఎవరు మోస్తారు? ముందు క్లచ్ జారుతుంది. నాలుగో గేరులో రెండు వేల చక్కర్ల దగ్గర పూర్తిగా తొక్కితే టాకోమీటర్ ముల్లు లేస్తుంది, స్పీడోమీటర్ ముల్లు లేవదు. అది మొదటి హెచ్చరిక. నల్లపొగ వస్తుంటే రెండోది: డీజిల్‌కు సరిపడా గాలి లేదు, ఎగ్జాస్ట్ వేడి టర్బోను తింటోంది. మూడోది ముందుగా కనబడదు. ఆయిల్ సకాలంలో మార్చకపోతే ఈ ఇంజన్‌లో టైమింగ్ చైను సాగుతుంది, దాని టెన్షనర్ చెడుతుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయగానే ముందు వైపు గలగల వినిపిస్తే మ్యాప్ మాట మరిచిపోయి చైను చూపించాలి. ఇంతకు ముందు ట్యాక్సీగా తిరిగిన బండిలో ఓడోమీటర్‌ను నమ్మేకంటే ఆ గలగలనే నమ్మవచ్చు.

నా తీర్పు ఇది: పోర్టుకూ నెల్లూరుకూ మధ్య రోజూ తిరిగేవాడు, డీజిల్ ఖర్చు చూసుకునేవాడు, 75 పీఎస్ మల్టీజెట్ తీసుకుని సర్వీసు రికార్డు పక్కాగా ఉంటేనే మెత్తని మ్యాప్ వేయించుకోవచ్చు. టార్క్ పెరుగుదల పది, పదిహేను శాతం లోపల ఉండాలి. ఎక్కువ ఇస్తానని ఆశపెట్టేవాడి దగ్గర చేయించుకోవద్దు.

టర్బో పెట్రోలు ఇంజన్లు లెక్కకు బ్రహ్మాండం, మన అవసరానికి అంత కాదు. కే10సీ బూస్టర్‌జెట్ 2020లో ఆగి, 2023లో ఫ్రాంక్స్‌తో మళ్ళీ వచ్చింది. 100 పీఎస్. బలెనో ఆర్ఎస్ బరువు 950 కిలోలే కాబట్టి మారుతి వాటిలో గట్టి బండి అదే, దొరకడమే అరుదు. పోలో జీటీ టీఎస్ఐ 1.2 లీటర్, 105 పీఎస్, 175 న్యూటన్ మీటర్లు. దాని డీఎస్‌జీ గేర్‌బాక్సు 250 దాకా మోయగలదు కాబట్టి మ్యాపింగ్‌కు చోటుంది. కానీ ఆ గేర్‌బాక్సు మెకట్రానిక్ యూనిట్ పోయిందంటే బండి ధరలో పెద్ద ముక్క దానికే పోతుంది. మన రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారయ్యే సోనెట్‌లో 1.0 లీటర్ టర్బో 120 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. ఆ పవర్ కంపెనీయే ఇస్తుంటే దాని మీద మళ్ళీ చెయ్యేసి వారంటీ పోగొట్టుకోవడం ఎందుకో అర్థం కాదు.

ఫ్యాక్టరీ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. అదే ఫ్యాక్టరీ నుంచి అయిదేళ్ళలో సుమారు 900 ఇంజన్లు మాయమయ్యాయన్న వార్త 2025లో బయటపడి పోలీసు కేసు అయింది. కాబట్టి ‘కొత్త ఇంజన్, సగం ధర’ అని ఎవరైనా ఫోటో పంపితే ముందు ఇంజన్ నంబరు, బిల్లు అడగండి. చెన్నై పుదుపేటలో కొన్నా, విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా ఆ నంబరు రేపు మీ ఆర్సీ మీదికి ఎక్కాల్సిందే.

హోండా సిటీ పాత వీటెక్ 106 బీహెచ్‌పీ, ఫియట్ పాలియో 1.6 వంద. రెండూ రుచిగల ఇంజన్లే. మాట్లాడుకోవడానికి బాగుంటాయి. ఫియట్ 2019లో మన దేశంలో కార్ల అమ్మకమే మానేసింది. పాలియో పార్టుల కోసం నెల్లూరు అంతా తిరగాలనుకునేవాడు తిరగొచ్చు.

ఇక ఈ ఊరి ప్రత్యేకత. పోర్టు రోడ్డు మీద తిరిగిన బండి ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే గాలి ముందుగా తగిలే వైపు మడతల్లో బొగ్గు పొడి నల్లగా పేరుకుని ఉంటుంది, రెండో వైపు మామూలు మట్టిరంగే. కాగితపు ఫిల్టర్ ఆ పొడిని ఆపుతుంది. నూనె పూసిన గుడ్డ ఫిల్టర్ గాలిని ఎక్కువ పంపుతుంది, సన్నటి పొడిని కూడా కొంత పంపుతుంది. ఆ పొడి సిలిండర్ గోడ మీద గరుకు కాగితంలా పనిచేస్తుంది, రింగులు అరుగుతాయి. కాబట్టి ఇక్కడ కంపెనీ ఫిల్టర్ పెట్టెనే ఉంచి, ఫిల్టర్‌ను సర్వీసు పుస్తకంలో చెప్పినదానికి సగం దూరానికే మార్చడం తెలివి. ఉప్పు చేసే పని వేరు. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజన్‌కు పోయే ఎర్త్ వైర్ల కొసల్లో పచ్చని కిలుము కడుతుంది. ఎర్త్ సరిగా లేకపోతే సెన్సర్లు తప్పుడు లెక్కలు పంపుతాయి, ఈసీయూ తప్పుగా మిశ్రమం కలుపుతుంది, మెకానిక్ ఇంజెక్టర్లు మారుస్తాడు. టర్బో బండికైతే ఇంటర్‌కూలర్ అల్యూమినియం రెక్కలు కూడా ఉప్పుకు తెల్లబారి పొడిపొడిగా రాలుతాయి. తీరప్రాంతంలో టర్బో కంటే సాదా ఇంజన్‌ను మెచ్చుకోవడానికి నాకున్న కారణాల్లో ఇదొకటి.

ఇంకొకటి బంకులో దొరికే పెట్రోలు. ఇప్పుడు అంతటా ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్. ట్యూనింగ్ చేసేవాడికి ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది, నాకింగ్ తగ్గుతుంది. ఆ మేరకు టైమింగ్ ముందుకు జరపవచ్చు. కానీ సాదా పెట్రోలు ఒక పాలుకు 14.7 పాళ్ళ గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. మామూలుగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ దిద్దుకుంటుంది. పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం సెన్సర్ మాట వినకుండా పాత పట్టికనే నమ్ముతుంది. ఆ క్షణంలో మిశ్రమం పల్చబడి, వాల్వులు, పిస్టన్ తలలు ఉడుకుతాయి. కాబట్టి ఈ20 రాకముందు రాసిన మ్యాప్ ఎంత మంచిదైనా ఇప్పుడు వేయించుకోకూడదు. జెన్, ఎస్టీం కాలం నాటి రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్ వాషర్లు ఇథనాల్‌కు ఉబ్బుతాయి, పగులుతాయి. అవన్నీ ముందే మార్పించాలి.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని మరింత గట్టిగా చెప్పింది. చెడిపోయిన ఇంజన్ స్థానంలో అదే రకం వేసుకోవాలన్నా రవాణా శాఖ అనుమతి కావాలి, జెన్‌లో స్విఫ్ట్ ఇంజన్ దింపడం అనే పాత సరదాకు దారి లేదు. తప్పుకు 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. జరిమానా కంటే భయపడాల్సింది ఇన్సూరెన్స్‌కు. చెప్పకుండా చేసిన మార్పును సర్వేయర్ పట్టుకుంటే క్లెయిమ్ ఆగిపోతుంది. బండికి పదిహేనేళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. మిగిలిన ఎస్టీంలన్నీ ఆ వయసు దాటినవే కాబట్టి కొనేముందు ఆర్సీ గడువు, పొగ పరీక్ష చూసుకోవాలి.

వీటన్నిటినీ పక్కపక్కన పెడితే, ఆదివారం సరదాకు, అప్పుడప్పుడు ట్రాక్‌కు తీసుకెళ్ళే బండి కావాలంటే జీ13 ఎస్టీం. రోజూ నడిపే పెట్రోలు బండికి కే12ఎం స్విఫ్ట్. డీజిల్ తప్పదంటే చరిత్ర తెలిసిన 75 పీఎస్ మల్టీజెట్. మూడింటిలోనూ డబ్బు ఖర్చు పెట్టే వరస మారదు. మొదట కంప్రెషన్ పరీక్ష, కూలెంట్, ఆయిల్, ప్లగ్గులు. తర్వాత టైర్లు, బ్రేక్ ప్యాడ్లు. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది కాబట్టి ఈ తీరంలో రెండేళ్ళకోసారి తప్పనిసరిగా మార్పించాలి, లేకపోతే ఇరుంగాట్టుకోట్టైలోని దాదాపు మూడు ముప్పావు కిలోమీటర్ల ట్రాక్ మీద కొద్ది చుట్లకే పెడల్ నేలకంటుతుంది. ఆ తర్వాత షాక్ అబ్జార్బర్లు. ఇవన్నీ అయ్యాక జేబులో ఇంకా ఏమైనా మిగిలితే అప్పుడు మ్యాప్ వేసేవాడి నంబరు తీయొచ్చు.